ఐఈపీ కాగితంలోకి ‘చాలు’ ఎక్కిన కథ

"అక్కా, సోమవారంలోపు సంతకం పెట్టి పంపమంటున్నారు. పెట్టేయమంటారా?"

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఆ అమ్మాయి ఫోన్. గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక వచ్చే నీరసం ఉంది. వాళ్ళ బాబుకి ఆరేళ్ళు, ఆటిజం. కాలిఫోర్నియాలో మా పక్క ఊళ్ళో పబ్లిక్ స్కూల్లో ఫస్ట్ గ్రేడ్ చదువుతున్నాడు. మూడేళ్ళకోసారి చేసే పరీక్షలన్నీ అయ్యాయి, ముందురోజే ఐఈపీ మీటింగ్ కూడా అయింది. బాబుని ఇప్పుడున్న మామూలు క్లాసులోంచి తీసి, ఇంకో స్కూల్లో ఉన్న స్పెషల్ డే క్లాసులో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకే విడిగా నడిపే క్లాసులో వేస్తామన్నారట. కారణం ‘దూకుడు ప్రవర్తన’ అని రాశారు.

"ఇప్పుడేమీ సంతకం పెట్టకు. రేపు కాగితాలన్నీ పట్టుకుని మా ఇంటికి రండి. అత్తయ్యగారిని కూడా తీసుకురా" అన్నాను. అత్తయ్యగారిని రమ్మన్నది ఒక్కావిడా ఇంట్లో ఉండిపోతారని. ఆవిడ రావడం ఎంత మంచిదయిందో తర్వాత తెలిసింది.

నేను లాయర్ని కాదు. ఫీజు తీసుకుని అడ్వకేట్‌గా వెళ్ళే మనిషినీ కాదు. మా వాడికి ఇప్పుడు పదిహేనేళ్ళు. వాడి మొదటి మీటింగుల్లో నేను చేసిన తప్పులు ఇంకో తల్లి చెయ్యకూడదని, తెలిసినవాళ్ళు పిలిస్తే వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఐఈపీ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అమెరికాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి స్కూలు ఏం నేర్పుతుంది, ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని నిమిషాలు, ఏ గదిలో అన్నది రాసి పెట్టే కాగితం అది. అందులో రాసింది స్కూలు చేసి తీరాలి. రాయనిది ఎంత మంచి టీచరు మాట ఇచ్చినా, ఆవిడ స్కూలు మారిన రోజున ఆ మాట కూడా ఆవిడ వెంటే వెళ్ళిపోతుంది.

మా వాడి మొదటి ఐఈపీ మీటింగ్‌లో నేను చేసిన పని ఒక్కటే, తలూపడం. బల్లకి అవతల ఏడుగురు, ఇవతల మేమిద్దరం. టీచరు చెబితే చేతులు కట్టుకుని వినాలని పెరిగినవాళ్ళం మనం. ఎదురు ప్రశ్న వేస్తే పొగరు అంటారని భయం. వారానికి ముప్ఫై నిమిషాల స్పీచ్ థెరపీ, అదీ గ్రూపులో అన్నారు. థాంక్యూ అన్నాం. ముప్ఫై ఎందుకు, అరవై ఎందుకు కాదు అని అడగొచ్చని తోచనేలేదు. వచ్చేటప్పుడు తల్లిదండ్రుల హక్కుల పుస్తకం చేతిలో పెట్టారు. తెచ్చి సొరుగులో పెట్టాను. మరుసటి ఏడు అవే గోల్స్, అంటే ఏడాదిలో పిల్లవాడు చేరుకోవాల్సిన లక్ష్యాలు, మళ్ళీ వచ్చాయి. ఆ పై ఏడూ అవే. ఆ మూడో ఏడు ఒక గోల్‌లో మా వాడి పేరు ఉండాల్సిన చోట ‘షీ’ అని ఉంది. ఎవరో అమ్మాయి కాగితంలోంచి తీసి అతికించారన్నమాట. ఆ ఒక్క మాట చూశాక సొరుగు తెరిచి ఆ పుస్తకం చదివాను. మూడేళ్ళు. చిన్న పిల్లవాడి జీవితంలో మూడేళ్ళంటే ఎంతో తల్చుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

శనివారం పొద్దున్న వచ్చారు. ముప్ఫై ఎనిమిది పేజీల రిపోర్టు డైనింగ్ టేబుల్ మీద పరిచాం. బాబు సోఫా దగ్గర కింద కూర్చుని మా ఫ్రిజ్ మీది అయస్కాంతాలు వరసగా పేరుస్తున్నాడు. వాళ్ళ నాన్నమ్మ పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ అందిస్తున్నారు.

రిపోర్టు తెరవకముందే వాళ్ళాయన అడిగిన మొదటి ప్రశ్న వేరు. "మేం హెచ్1బీ మీద ఉన్నామండీ. గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్నాం. ఈ స్కూళ్ళు నడిపే డిస్ట్రిక్ట్‌తో పేచీ పెట్టుకుంటే రేపు దానికేమైనా ఇబ్బంది అవుతుందా?"

ఈ భయం నాకు తెలుసు. మన ఇళ్ళల్లో సగం నోళ్ళు మూయించేది ఇదే. అందుకే నెమ్మదిగా చెప్పాను. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు కోసం 1975లో వచ్చిన చట్టం, 1990లో పేరు మారి ‘ఐడియా’ అయింది, ఆటిజాన్ని విడిగా పేరుపెట్టి చేర్చింది కూడా అప్పుడే. అర్హత ఉన్న ప్రతి పిల్లవాడికీ తగిన చదువు ఉచితంగా ఇవ్వాలని దాని సారాంశం. ఇక వీసా సంగతంటారా, అసలు పత్రాలే లేని పిల్లల్ని కూడా పబ్లిక్ స్కూల్లోంచి బయటికి పంపకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. బాబుకి స్కూల్లో అందే సేవలకీ మీ గ్రీన్‌కార్డ్‌కీ సంబంధం లేదు. మీటింగ్‌లో కాదనడం పేచీ పెట్టుకోవడం కిందకి రాదు, ఆ బల్ల దగ్గర మీరు కూడా టీమ్ మెంబరే, చట్టంలోనే అలా ఉంది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

అప్పుడు రిపోర్టు పైకి చదవడం మొదలుపెట్టాను. ఏ రిపోర్టయినా నేను పైకే చదువుతాను. మనసులో చదివితే కన్ను అంకెల మీంచి జారిపోతుంది. పందొమ్మిదో పేజీలో స్కూల్ సైకాలజిస్ట్ లంచ్ టైమ్‌లో చూసినవి రాశారు. పిల్లవాడు చెవులు రెండూ మూసుకున్నాడు. ‘చా-లూ’ అనే అర్థం లేని శబ్దాన్ని తొమ్మిది సార్లు చేశాడు. ఆ తర్వాత ట్రే తీసి విసిరాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు, గీత పెట్టిన చోట ఆగి మరీ, "చా... లూ" అని చదివాను.

సోఫా దగ్గర్నుంచి నాన్నమ్మ అన్నారు. "చాలు అంటున్నాడమ్మా వాడు. గోల ఎక్కువైతే అదేగా అంటాడు. మిక్సీ వేసినా అంతే, చాలు చాలు అంటాడు."

ఆవిడకి ఇంగ్లీషు రాదు. రిపోర్టులో ఏముందో తెలీదు. అందుకే ఆవిడ చెవికి అది తెలుగులాగే వినబడింది. ఆ అమ్మాయి ఆ పేజీని అప్పటికి రెండుసార్లు చదివిందట. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి, ఏదో శబ్దం కాబోలు అనుకుని దాటేసిందట. ఇప్పుడు చేతిలో టీ కప్పు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"తొమ్మిది సార్లు" అన్నారు వాళ్ళాయన. "ఇక చాలు అని తొమ్మిది సార్లు అడిగాడు."

ఆ తర్వాత కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. అయస్కాంతాలు నేల మీద పెడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఆ రోజు మిగతా పనంతా ఆ ఒక్క మాట చుట్టూనే నడిచింది. పిల్లవాడికి మాట లేదని కాదు, ఉన్న మాట ఎదుటివాళ్ళకి తెలీలేదు. చెప్పినా వినబడనప్పుడు ట్రే విసిరాడు. దాన్ని దూకుడు అని రాసి, దాన్నిబట్టి క్లాసు మార్చేస్తున్నారు. పరీక్షలు పిల్లవాడి సొంత భాషలో, అతను ఏం చెయ్యగలడో సరిగ్గా బయటపడే పద్ధతిలో చెయ్యాలని చట్టం చెబుతుంది. ఇంట్లో ఏ భాష అని అడిగిన ఫారంలో ‘తెలుగు’ అని వీళ్ళు ఏనాడో రాసిచ్చారు. కానీ మాటల పరీక్ష మొత్తం ఇంగ్లీషులోనే జరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. బాబుకి మూడేళ్ళప్పుడు ఎవరో థెరపిస్ట్ "రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారట. ఏడాది పాటు ఈ అమ్మాయి కన్నబిడ్డతో తన భాషలో మాట్లాడలేదు. జోల పాడటం కూడా మానేసిందట. నాన్నమ్మ వీడియో కాల్‌లో పలకరిస్తే ఫోన్ పక్కకి తిప్పేసేదట. అది చెబుతున్నప్పుడు మాత్రం ఏడ్చేసింది. ఆటిజం ఉన్న పిల్లలకి ఇంట్లో రెండో భాష వినబడటం వల్ల మాటలు వెనకబడతాయని పరిశోధనల్లో తేలలేదు. పైగా తల్లి తనకి సరిగా రాని భాషలో ముద్దు చేస్తే, ఆ ముద్దులో సగం అక్కడే పోతుంది. మీకెవరైనా ఈ సలహా ఇస్తే దయచేసి వినకండి. నాన్నమ్మ వచ్చాకే ఈ ఇంట్లో మళ్ళీ తెలుగు మొదలైంది. ‘చాలు’ కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు, అన్నం పెట్టేటప్పుడు.

సంతకం సంగతికొస్తే, మీటింగ్‌లో రెండు రకాల సంతకాలు ఉంటాయి. ఒకటి వచ్చామని, ఇంకోటి ఒప్పుకున్నామని. వచ్చామన్నది పెట్టొచ్చు. ఒప్పుకున్నామన్నది ఆ రోజే పెట్టాలని ఎక్కడా లేదు. ‘సోమవారంలోపు’ అన్నది వాళ్ళ వీలు కోసం చెప్పింది. పైగా కాలిఫోర్నియాలో ఐఈపీలో కొన్నిటికి ఒప్పుకుని కొన్నిటికి ఒప్పుకోకుండా ఉండొచ్చు. ఒప్పుకున్నవి వెంటనే మొదలుపెట్టాలి, మిగతావాటి గురించి మళ్ళీ మాట్లాడాలి.

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాం. వాళ్ళాయన టైప్ చేశారు, ఆ అమ్మాయి మాట చెప్పింది, నేను అనవసరమైనవి తీయించాను. మొదట రాసిన దాంట్లో ‘మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి’ అని మూడు చోట్ల ఉంది. మూడూ తీసేశాం. మర్యాద ఉండాలి, ప్రాధేయపడటం అక్కర్లేదు. చివరికి ఉత్తరం ఒక్క పేజీ అయింది. బాబు రికార్డులన్నీ కావాలని అడిగాం, ఇక్కడ రాసి అడిగితే ఐదు పనిదినాల్లో ఇవ్వాలి. మళ్ళీ మీటింగ్ పెట్టమన్నాం, పెద్ద సెలవులు తీసేసి ముప్ఫై రోజుల్లో పెట్టాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చెయ్యమన్నాం. మీటింగ్ ఆడియో రికార్డ్ చేసుకుంటామని కూడా రాశాం, దానికి ఇరవై నాలుగు గంటల ముందు చెబితే చాలు. పైన తేదీ వేసి, ఈమెయిల్‌లో పంపాం. ఫోన్‌లో అడిగితే అడిగినట్టు రుజువుండదు.

ఇంటర్‌ప్రెటర్ దగ్గర వాళ్ళాయన కొంచెం మొహమాటపడ్డారు. "నేను రోజంతా ఇంగ్లీషులోనే కదండీ పనిచేసేది, రాదంటే ఏం బావుంటుంది?" అన్నారు. ఆఫీసు ఇంగ్లీషు వేరు, కన్నబిడ్డ గురించి మాట్లాడాల్సిన ఇంగ్లీషు వేరు. గొంతు పూడుకుపోయినప్పుడు మనిషికి దొరికేది అమ్మ భాషే. తల్లిదండ్రులకి మీటింగ్ అర్థమయ్యేలా చూసే బాధ్యత స్కూలుది, అందులో ఇంటర్‌ప్రెటర్ కూడా భాగమే. పైగా ఈ కేసులో తెలుగు తెలిసిన బయటి మనిషి ఒకరు ఆ బల్ల దగ్గర ఉండటం ఎంత అవసరమో వాళ్ళకి చెప్పాను.

రికార్డులు నాలుగో రోజున వచ్చాయి. అందులో ‘సంఘటనల’ కాగితాలు పద్నాలుగు. తోసాడు, విసిరాడు, పారిపోయాడు. ఏ తల్లి అయినా చదవలేని కాగితాలు. ఆ అమ్మాయి చదవలేకపోయింది. వాళ్ళాయన మాత్రం తనకి వచ్చిన పని చేశారు. పద్నాలుగూ ఎక్సెల్‌లో వేశారు, తేదీ, టైము, చోటు, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. రాత్రి పదకొండింటికి నాకు స్క్రీన్‌షాట్ పంపారు. పద్నాలుగింటిలో పదకొండు, పదకొండూ నలభైకీ పన్నెండూ పదికీ మధ్యే జరిగాయి. అన్నీ క్యాఫెటేరియాలోనే. మిగతా మూడూ ఫైర్ డ్రిల్ జరిగిన రోజులవి. క్లాసులో, చదువుకునే వేళలో జరిగింది ఒక్కటీ లేదు.

నేను ఎన్నో మీటింగులకి వెళ్ళాను గానీ, అంత స్పష్టంగా మాట్లాడే కాగితం ఎప్పుడూ చూడలేదు. క్లాసులో ఏ ఇబ్బందీ లేని పిల్లవాణ్ణి, క్యాఫెటేరియా గోల వల్ల క్లాసులోంచి తీసేస్తున్నారు. చట్టంలో ఉన్న మాటకి ఇది పూర్తిగా అడ్డం. అదనపు సాయాలు పెట్టినా కుదరదని తేలాకే మామూలు క్లాసు నుంచి వేరు చెయ్యాలి. ఇక్కడ ఏ సాయమూ పెట్టి చూడలేదు. చెవులకి హెడ్‌ఫోన్స్ కూడా ఇవ్వలేదు.

మీటింగ్‌కి ముందు రెండు శనివారాలు గోల్స్ మీద కూర్చున్నాం. తల్లిదండ్రులు తేలిగ్గా వదిలేసేది వీటినే, అసలు బలమేమో వీటిలోనే ఉంది. వాళ్ళు రాసిన గోల్ ఒకటి ఇలా ఉంది: పిల్లవాడు ఎనభై శాతం ఖచ్చితత్వంతో తన అవసరాలను తగిన విధంగా తెలియజేస్తాడు. చదవడానికి బాగానే ఉంది. కానీ ఎనభై శాతం అంటే ఎన్నిట్లో ఎన్ని? ‘తగిన విధంగా’ అంటే నోటితోనా, బొమ్మ చూపించా? ఎవరు లెక్కపెడతారు? ఇప్పుడు ఎంత చేస్తున్నాడు? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబుని బేస్‌లైన్ అంటారు. అది లేకపోతే ఏడాది తర్వాత పెరిగాడో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆ అమ్మాయిని అడిగాను. "కాగితం పక్కన పెట్టు. వచ్చే జూన్‌కి వీడు ఏం చేస్తే నీకు సంతోషం?"

చాలాసేపు ఆలోచించి అంది. "గోల భరించలేనప్పుడు ఎవరికైనా చెప్పాలక్కా. చెప్పాక వాళ్ళు వినాలి."

దాన్నే గోల్‌గా రాశాం. గోల ఎక్కువైనప్పుడు ‘చాలు’ అని గానీ, బ్రేక్ అని గానీ, కార్డు చూపించి గానీ, ఐప్యాడ్ మీద బొమ్మ నొక్కి గానీ, ఎవరూ గుర్తుచెయ్యకుండా తనంతట తానే ఐదుసార్లలో నాలుగుసార్లు అడుగుతాడు, వరసగా మూడు వారాలు, లెక్క స్పీచ్ థెరపిస్ట్, క్లాసు టీచరు ఇద్దరూ రాస్తారు. దాని కింద ఇంకో వాక్యం చేర్చింది ఆ అమ్మాయే. అడిగిన వెంటనే పెద్దవాళ్ళు అతన్ని నిశ్శబ్దంగా ఉన్న చోటికి తీసుకెళ్తారు. ఇది పిల్లవాడు నేర్చుకోవాల్సింది కాదు, పెద్దవాళ్ళు చెయ్యాల్సింది. అందుకని సదుపాయాల పేజీలో పెట్టమని అడగాలని నిర్ణయించుకున్నాం.

వాళ్ళాయనకి ఒక అనుమానం మిగిలింది. "కొంచెం పెరుగుదల ఉన్నా చాలు, స్కూలు తన పని చేసినట్టే అంటారటగా?" ఒకప్పుడు కొన్ని కోర్టులు అలాగే అనేవి. 2017లో సుప్రీంకోర్టు ఆ మాట చెల్లదంది. కొలరాడోలో డగ్లస్ కౌంటీకి చెందిన ఆటిజం ఉన్న అబ్బాయి కేసు అది. పిల్లవాడి పరిస్థితిని బట్టి అతనికి తగిన ప్రగతి వచ్చేలా ప్లాన్ ఉండాలని జడ్జీలందరూ ఒక్క మాట మీద తీర్పు ఇచ్చారు. ఆ తీర్పుని మీటింగ్‌లో ప్రస్తావించాల్సిన పని మాకు రాలేదు. కానీ అది తెలిసిన మనిషి కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

మీటింగ్ రోజున అవతల ఎనిమిది మంది ఉన్నారు. ఇవతల ముగ్గురం. పిల్లవాడి గురించి తెలిసినవాళ్ళని తల్లిదండ్రులు వెంట తెచ్చుకోవచ్చు, ఆ హోదాలో నేను. ఇంటర్‌ప్రెటర్ స్పీకర్ ఫోన్‌లో. నేను ముందే చెప్పాను, మాట్లాడేది మీరు, నేను నోట్స్ రాస్తాను, ఏదైనా మర్చిపోతే కాగితం మీ ముందుకి జరుపుతాను అని. పక్కన కూర్చున్న మనిషే అన్నీ మాట్లాడేస్తే, మర్నాడు ఆ స్కూలు గేటు దగ్గర నిలబడాల్సిన తల్లికి బలం రాదు.

ఆ అమ్మాయి వణుకుతున్న చేత్తో ఫోన్ బల్ల మీద పెట్టి ఒక వీడియో చూపించింది. నలభై సెకన్లు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. బాబు చెవులు మూసుకుని "చాలు, చాలు" అంటున్నాడు. నాన్నమ్మ చెయ్యి వచ్చి స్విచ్ ఆపింది. వాడు చెవుల మీంచి చేతులు తీసి, ఒక నిట్టూర్పు విడిచి, బ్లాక్స్ దగ్గరికి వెళ్ళిపోయాడు. అంతే వీడియో.

తర్వాత తెలుగులో అంది. "ఇది శబ్దం కాదు. మాట. ఆపండి అని అర్థం. మా అబ్బాయి మిమ్మల్ని అడిగాడు." స్పీకర్ ఫోన్‌లోంచి ఇంటర్‌ప్రెటర్ గొంతు ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆ పదానికి అర్థం అదేనా అని సైకాలజిస్ట్ ఇంటర్‌ప్రెటర్‌ని అడిగారు. అవును, ఇంట్లో అందరూ రోజూ వాడే మాటేనని ఆయన చెప్పారు.

క్లాసు టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రోజూ నాతో అంటాడు. ఏదో పాట పాడుకుంటున్నాడు అనుకున్నాను" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట నేను ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే అవతల కూర్చున్నవాళ్ళు శత్రువులని అనుకుని వెళ్ళే తల్లిదండ్రుల్ని కూడా చూశాను. ఆవిడ చెడ్డ టీచరు కాదు. ఆవిడకి తెలుగు రాదు, ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఎక్సెల్ షీట్ ఇచ్చారు వాళ్ళాయన, ఎనిమిది ప్రింట్లు, ఒక్కొక్కరికీ ఒకటి. పదకొండూ నలభై, పన్నెండూ పది అన్న గడులకి పసుపు రంగు వేసి ఉంది. ఎక్కువ మాట్లాడాల్సిన పని పడలేదు.

అన్నీ రాలేదు. వచ్చినవి చెప్తాను. మాటల పరీక్ష తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి మళ్ళీ చేస్తామన్నారు. ఒప్పుకోకపోతే డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణుల చేత పరీక్ష చేయించమని అడగడానికి ఉత్తరం సిద్ధంగా ఉంచుకున్నాం. అలా అడిగితే వాళ్ళు ఖర్చు భరించాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని హియరింగ్‌కి, అంటే విచారణకి వెళ్ళి రుజువు చెయ్యాలి, ఊరికే కాదనడానికి వీల్లేదు. ఆ ఉత్తరం ఫైల్లోంచి తీసే అవసరం రాలేదు. ఆ ప్రవర్తన వెనక కారణమేంటో చూసే ఫంక్షనల్ బిహేవియర్ అసెస్‌మెంట్ చెయ్యడానికి ఒప్పుకున్నారు. స్పీచ్ థెరపీ విడిగా వారానికి రెండుసార్లు ముప్ఫై నిమిషాల చొప్పున ఇస్తామన్నారు. లంచ్ ఒకరిద్దరు పిల్లలతో లైబ్రరీ పక్క గదిలో. హెడ్‌ఫోన్స్, బ్రేక్ కార్డు, బొమ్మలు నొక్కితే మాట్లాడే ఐప్యాడ్ కొన్నాళ్ళు ప్రయత్నించి చూడటం కూడా రాశారు. క్లాసు మార్పుకి వీళ్ళు ఒప్పుకోలేదు, మిగతావాటికి ఒప్పుకున్నారు. కాబట్టి బాబు తన క్లాసులోనే ఉన్నాడు.

రానిది, లంచ్‌లోనూ ఆటల టైమ్‌లోనూ బాబు వెంట ఉండి సాయం చేసే మనిషి, అంటే ఎయిడ్. ప్రస్తుతానికి అవసరం కనబడటం లేదన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కాగితం మీద రెండే మాటలు రాసి జరిపాను, ‘రాసి ఇమ్మను’. ఆ అమ్మాయి తల ఎత్తి అడిగింది, ఎందుకు కాదన్నారో, దేన్నిబట్టి ఆ నిర్ణయానికొచ్చారో, ఇంకేం ఆలోచించారో రాతపూర్వకంగా ఇవ్వండి అని. దాన్ని ప్రయర్ రిటెన్ నోటీస్ అంటారు, అడిగింది కాదన్నప్పుడు ఇవ్వడం వాళ్ళ బాధ్యత. ఈసారి మాత్రం ఆ మాట ఇంటర్‌ప్రెటర్ కోసం ఆగకుండా తనే ఇంగ్లీషులో చెప్పింది.

ఇంత పని చేసేటప్పుడు ఒంటరిగా ఉండకండి. ప్రతి రాష్ట్రంలోనూ కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నడిచే పేరెంట్ ట్రైనింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ కనీసం ఒకటి ఉంటుంది. ఫోన్ చేస్తే మీటింగ్‌కి ఎలా తయారవ్వాలో ఉచితంగా చెబుతారు. నేను నేర్చుకున్నదంతా అలాంటి ఒక సెంటర్ వాళ్ళు శనివారాలు పెట్టిన క్లాసుల్లోనే. కాలిఫోర్నియాలో అయితే రీజనల్ సెంటర్లు ఇరవై ఒకటి ఉన్నాయి. అవి స్కూలుతో సంబంధం లేకుండా ఇంటికీ కుటుంబానికీ సాయం చేస్తాయి. వీళ్ళు అక్కడ పేరు రాయించుకోలేదని తెలిసి, ఆ ఫారం కూడా మా టేబుల్ మీదే నింపించాను.

పది రోజుల తర్వాత ఐఈపీ కొత్త ప్రతి వచ్చింది. పన్నెండో పేజీలో, సదుపాయాల కింద, ఇంగ్లీషు అక్షరాల్లో ‘చాలు’ అని రాసి, తెలుగులో దీనికి ‘ఇక ఆపండి’ అని అర్థం, పిల్లవాడు ఈ మాట అనగానే పెద్దవాళ్ళు స్పందించాలి అని ఉంది. పిల్లవాడితో పనిచేసే ప్రతి ఒక్కరికీ, క్యాఫెటేరియా సిబ్బందితో సహా, ఈ మాట నేర్పాలని కూడా రాశారు. నాన్నమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, "ఏదీ, ఎక్కడ రాశారూ?" అన్నారు. కోడలు వేలు పెట్టి చూపించింది. ఆవిడ ఆ అక్షరాల మీద తన వేలు పెట్టి కాసేపు అలాగే చూశారు.

ఎయిడ్ గురించి ఇంకా తేలలేదు. నోటీస్ వచ్చింది, అందులో చూపించిన కారణాలు రెండు. రెండూ పాత రిపోర్టులోవే, మాటల పరీక్ష మళ్ళీ చెయ్యకముందువి. బిహేవియర్ అసెస్‌మెంట్ మీద మీటింగ్ వచ్చే నెల పద్దెనిమిదిన. వాళ్ళాయన ఎక్సెల్‌లో రెండో షీట్ మొదలుపెట్టారు. ఆ అమ్మాయి ప్రశ్నల జాబితా నిన్న రాత్రి నాకు పంపింది, ఇప్పటికి ఆరు ఉన్నాయి.